పై వాటా అద్దెకు ఇవ్వబడును

మోటారు స్విచ్చిని కిందా, నీళ్ళ ట్యాంకుని పైనా పెట్టిన మనిషి నాకు ఒక్కసారి ఎదురుపడితే బాగుణ్ణని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎదురుపడడు. మా ఇల్లు కట్టిన మేస్త్రి సిమెంటు ఆరకముందే ఫోన్ నంబరు మార్చేశాడు. స్విచ్చి మా వంటింటి తలుపు వెనక ఉంటుంది. ట్యాంకు పై వాటా కూడా దాటి డాబా మీద ఉంటుంది. స్విచ్చి వేసినవాడికి ట్యాంకు కనిపించదు, ట్యాంకు కనిపించేవాడికి స్విచ్చి అందదు. కాస్త ఆదమరిస్తే ట్యాంకు పొంగి, గోడ మీదుగా కారి, సరిగ్గా నేను ఆఫీసుకి బయల్దేరే సమయానికి గేటు దగ్గర నా నెత్తిన పడుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకోని రోజున మాత్రం ఒక్క చుక్క పడదు.

ఇన్నాళ్ళూ ఈ గండం నుంచి మమ్మల్ని గట్టెక్కిస్తున్నది పై వాటాలో అద్దెకుంటున్న కళ్ళజోళ్ళాయన. ట్యాంకు నిండిన చప్పుడు వినగానే ఆయన బాత్‌రూమ్ పైపు మీద చెంచాతో టంగు టంగుమని కొడతాడు. ఆ చప్పుడు పైపులోంచి జారుకుంటూ మా వంటింట్లోకొస్తుంది. మా ఆవిడ స్విచ్చి ఆపుతుంది. నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే పరికరం బజార్లో దొరుకుతుందట. వెళ్ళి ధర కనుక్కున్నాను. కనుక్కుని ఇంటికొచ్చి, పరికరం పైన ఉండనే ఉంది కదా, పైగా నెలనెలా అదే మనకి డబ్బిస్తోంది కదా అని ఊరుకున్నాను.

అలాంటి మనిషికి అద్దె పెంచాలా వద్దా అన్నది మా ఇంట్లో పుట్టిన సమస్య.

ముందు మార్కెట్ పరిస్థితి చెప్పాలి. మా వీధి చివర ఒక పెద్ద కంపెనీవాళ్ళు ఏళ్ళ తరబడి బిల్డింగు కడుతున్నారు. అది తెరిస్తే బోలెడంతమంది ఉద్యోగాలకొస్తారనీ, ఇళ్ళ కోసం మా గేట్ల ముందు బారులు తీరతారనీ ఒక వర్గం అంటుంది. ఆ కంపెనీ ఉన్నవాళ్ళనే ఇంటికి పంపేస్తోందనీ, ఆ బిల్డింగులో చివరికి పావురాలు తప్ప ఎవరూ కాపురముండరనీ ఇంకో వర్గం అంటుంది. నేను రెండు వర్గాల్లోనూ ఉన్నాను. పొద్దున్నే గేటు దగ్గర నుంచుని పళ్ళు తోముకుంటూ ఆ బిల్డింగు మీది క్రేను వంక చూస్తాను. క్రేను తిరుగుతుంటే అద్దె పెంచెయ్యాలనిపిస్తుంది. ఆగి ఉంటే, ఉన్న అద్దె పదిలంగా వస్తే చాలు భగవంతుడా అనిపిస్తుంది. టీవీలో కోటు వేసుకుని మార్కెట్ గురించి మాట్లాడేవాళ్ళకి నాకున్నపాటి ఆధారం కూడా ఉన్నట్టు నాకనిపించలేదు.

మార్కెట్ ఎటూ తేల్చకపోయినా బ్యాంకు తేల్చేసింది. మా ఇంటి అప్పు మీద వడ్డీ పెంచింది. పై వాటా అద్దె రాగానే అటునుంచటే బ్యాంకుకి పోతుంది. ఇప్పుడది చాలక నా జీతం కూడా దాని వెంట పోవడం మొదలెట్టింది. ఆ వాటా రెణ్ణెల్లు ఖాళీగా పడుందంటే మేం వాయిదా కట్టలేం. అంతే సంగతి. బ్యాంకువాళ్ళు వడ్డీ పెంచేటప్పుడు మా ఇంటికి రాలేదు, కుశలప్రశ్నలు వెయ్యలేదు, టీ తాగలేదు, మొహమాటపడలేదు. ఒక మెసేజ్ పెట్టారు. దాని చివర 'మీ విధేయులు' అని కూడా ఉంది.

"వాళ్ళని చూసి నేర్చుకోండి," అంది మా ఆవిడ. "పైవాళ్ళకి మీరూ ఒక మెసేజ్ పెట్టండి. వాళ్ళొచ్చి నాలుగేళ్ళయింది, నయాపైసా పెంచలేదు."

"నిక్షేపంగా పెడతాను. చూసి ఖాళీ చేసేస్తే?"

"చేస్తే ఇంకొకళ్ళొస్తారు."

"పొద్దున్నించీ క్రేను ఆగిపోయుంది. చూశావా?"

"క్రేను నడిపేవాడు అన్నం తినొద్దా ఏంటండీ?"

మా ఆవిడ దృష్టిలో అద్దె పెంచడం చాలా సులువైన పని. ఎందుకంటే అది నేను చెయ్యాల్సిన పని.

నా ఉద్యోగం గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను మా ఆఫీసులో పర్చేజ్ సెక్షన్లో ఉంటాను. ఆఫీసుకి కావలసిన కుర్చీలూ ఫ్యాన్లూ చీపుర్లూ కొనిపెట్టడం నా పని. మూడు కొటేషన్లు రాకుండా నా చేత చీపురుపుల్ల కూడా ఎవరూ కొనిపించలేరు. మొదటి కొటేషన్ నమ్మకూడదు. రెండోది మొదటిదాన్ని చూసి వేసింది అయుంటుంది. మూడోది వస్తేనే నిజం బయటపడుతుంది. ఒకసారి నాకు జ్వరమొస్తే ఇదే పద్ధతిలో ముగ్గురు డాక్టర్లకి చూపించుకున్నాను. రెండో ఆయన దగ్గరికి వెళ్ళేసరికే జ్వరం దిగిపోయింది. అయినా మూడో ఆయన ఫీజు కట్టే ఇంటికొచ్చాను.

కాబట్టి అద్దె విషయంలో కూడా మూడు కొటేషన్లు తీసుకుందామనుకున్నాను.

మొదటిది ఎదురింటాయన దగ్గర తీసుకున్నాను. ఆయన రిటైరైన ఇంజనీరు. ఆయనకీ మాలాగే పైన ఒక వాటా ఉంది. కిందటేడు దానికి అద్దె పెంచాడు. అద్దెకున్నవాళ్ళు ఎదురు మాట్లాడలేదు. మర్యాదగా లారీ తెచ్చుకుని వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ ఆ వాటాకి తాళమే. సాయంత్రమైతే ఆయనే మెట్లెక్కి వెళ్ళి గదిగదికీ లైట్లు వేసొస్తాడు. లోపల ఎవరో ఉన్నట్టు వీధిలోకి కనిపించాలని.

"పెంచాల్సిందేనోయ్!" అన్నాడాయన, లైట్లు వేసి దిగుతూ. "మార్కెట్ పెరిగింది. నేను పెంచలా?"

"మీ వాటా ఖాళీగా ఉంది కదండీ మరి?"

"ఉంటే? ఎంత అద్దెకి ఖాళీగా ఉందో చూడు! నీది నిండా ఉంది, ఎంతకి? నలుగుర్లో చెప్పుకోడానికైనా బాగుంటుందా?"

నేను సిగ్గుతో తల దించుకుని రోడ్డు దాటాను.

రెండో కొటేషన్ సాక్షాత్తూ కళ్ళజోళ్ళాయన నోటి నుంచే రాబడదామని మెట్లెక్కాను. ఆయనకి బజార్లో చిన్న కళ్ళజోళ్ళ షాపుంది. ఆయన భార్య దగ్గర్లోని బడిలో టీచరమ్మ. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు. అద్దె ఒకటో తారీఖు దాటనివ్వరు. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, దిగిన రోజే ఆయన నన్ను 'బాబాయిగారూ' అన్నాడు. 'సార్' అనుంటే ఈపాటికి అద్దె ఎప్పుడో పెంచేవాణ్ణి. బాబాయినయ్యాక ఏ మొహం పెట్టుకుని పెంచను?

"రండి బాబాయిగారూ, కూర్చోండి. ఏంటి విశేషాలు?"

"ఏం లేదయ్యా, ఊరికే," అన్నాను. అద్దె అన్న మాట గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంది. "రోజులు ఎలా ఉన్నాయో చూస్తున్నావుగా."

"చూస్తున్నానండీ. మబ్బుగా ఉంది."

"మబ్బు కాదయ్యా. ఈ ఖర్చులూ అవీ... మనుషులన్నాక ఏదో ఒక నిర్ణయం... అదీ..."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. "ఏదీ, ఆ కళ్ళజోడు ఇలా ఇవ్వండి. ఎడం వైపు ఒరిగిపోయింది. ముక్కు మీద నొక్కుకోవట్లేదూ?"

ఇచ్చాను. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, మర బిగించి, మెత్తటి గుడ్డతో అద్దాలు తుడిచి, స్వయంగా నా చెవులకి తగిలించాడు. ఈలోగా టీచరమ్మ టీ తెచ్చింది. ఆవిడ నాకిచ్చే టీలో పంచదార ఎప్పుడూ కాస్త ఎక్కువే పడుతుంది. అభిమానం కాబోలనుకుంటాను. తాగుతూ, ఎటు చూడాలో తెలియక సీలింగు వంక చూశాను. అక్కడ చెమ్మ దిగి మరకైంది. వాళ్ళిద్దరూ కూడా తలెత్తి దాన్నే చూశారు. కాసేపు ముగ్గురం ఆ మరక వంక చూస్తూ కూర్చున్నాం. తర్వాత నేనొక నిట్టూర్పు విడిచి కిందికి దిగాను.

"చెప్పారా?" అంది మా ఆవిడ.

"చెప్పలేదు. కానీ నువ్వు ఇప్పుడు చాలా స్పష్టంగా కనిపిస్తున్నావు."

ఇది ఆ ఒక్క రోజు కథ కాదు. బ్యాంకు మెసేజ్ వచ్చినప్పట్నుంచీ నెలనెలా ఇదే వరస. మెట్లెక్కడం, నసగడం, టీ తాగడం, సీలింగు చూడటం, నిట్టూర్చి దిగిపోవడం. ఏ నెలా వీటిలో ఏ ఒక్కటీ తప్పలేదు.

ఇక మిగిలింది మూడో కొటేషన్. దాన్ని మా బావమరిది మోసుకొచ్చాడు.

మా బావమరిది సోఫాల షాపులో సేల్స్‌మన్. మా ఇంటికొస్తే నోట్లో ఏదో ఒకటి నములుతూనే ఉంటాడు కాబట్టి పైవాళ్ళు వాణ్ణి చూడటమే గానీ వాడి గొంతు ఏనాడూ వినలేదు. ఈ వివరం ముందు ముందు అవసరపడుతుంది.

"బావా, దీనికింత మథనపడతావేంటి?" అన్నాడు వాడు. "మీ పై వాటా ఖాళీగా ఉన్నట్టు ఆన్‌లైన్లో ఒక యాడ్ పెడదాం. రెండు వేలు ఎక్కువ వేద్దాం. ఎవరైనా ఫోన్ చేస్తే మార్కెట్ ఉన్నట్టు, చెయ్యకపోతే లేనట్టు."

"ఎవరైనా నిజంగా వస్తానంటే?"

"ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశామని చెబుదాం. మా షాపులో రోజూ చేసే పనే కదా బావా. లేని సోఫాకి రేటు చెప్పి, కొనేవాడు ఎంతదాకా వస్తాడో చూసి, అప్పుడు ఉన్న సోఫాకి ఆ రేటు పెడతాం."

నాకు నచ్చింది. సర్వీసులో ఎన్నో కొటేషన్లు చూశాను గానీ లేని ఖాళీకి కొటేషన్ తీసుకోవచ్చని అప్పటిదాకా తట్టలేదు. యాడ్ రాయడానికి ముగ్గురం సోఫాలో కూర్చున్నాం.

"'విశాలమైన బాల్కనీ' అని రాయరా," అంది మా ఆవిడ.

"అందులో కుర్చీ వేస్తే మనిషి పట్టడు, మనిషి నుంచుంటే కుర్చీ పట్టదు కదే?" అన్నాను.

"రెండూ ఒక్కసారే ఎందుకండీ? నువ్వు రాయరా."

"పడగ్గది కిటికీ అక్కా? తీస్తే పక్కింటి గోడేగా?"

"ఎవరూ తొంగిచూడరు కదా? 'చక్కటి ఏకాంతం' అని రాయి. 'ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళు' అని కూడా రాయి."

"పొంగిపోయేవి కలుపుకుంటే ఇంకా ఎక్కువే," అన్నాను. "'స్నేహశీలి అయిన యజమాని' అని కూడా పెట్టు."

ఇద్దరూ తలతిప్పి నా వంక చూశారు. తర్వాత ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఉచితమే కదా అనుకున్నాడేమో, వాడు రాసేశాడు. ఫొటో పెట్టలేదు. ఫొటో లేకపోతేనే జనం బాగా ఊహించుకుంటారట. అడ్రసు బదులు 'బడికీ, బస్టాపుకీ దగ్గర' అని వేసి, వాడి రెండో నంబరు ఇచ్చాడు.

మొదటి రోజు ఒకాయన ఫోన్ చేసి, తన దగ్గరున్న కుక్కలకి బాల్కనీ సరిపోతుందా అని అడిగాడు. తర్వాత ఒక బ్రోకరు ఫోన్ చేసి, మీ ఇంటికి మనుషుల్ని నేను తెస్తాను, నాకేమిస్తారన్నాడు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. నాకు లోపల్లోపల హాయిగా అనిపించింది. మార్కెట్ లేదు. కాబట్టి మెట్లెక్కక్కర్లేదు.

గురువారం సాయంత్రం మా బావమరిది మా ఇంట్లోనే ఉన్నాడు. వాడి ఫోన్ మోగింది. ఆ రోజుకి నోరు ఖాళీగా ఉండటం వల్ల వెంటనే తీసి స్పీకర్లో పెట్టాడు.

"హలో! ఇల్లు అద్దెకుందని చూశానండీ. ఇంకా ఖాళీగానే ఉందాండీ?"

నేను ఉలిక్కిపడ్డాను. ఆ గొంతు ఫోన్లోంచి ఒకసారీ, పైనున్న కిటికీలోంచి ఇంకోసారీ వినిపించింది. కళ్ళజోళ్ళాయన! మా ఆవిడ ఒక్క ఉదుటున లేచి మా కిటికీలన్నీ మూసేసింది. వాడికి మాత్రం అర్థం కాలేదు. పైవాడురా, పైవాడు, అని చెప్పడానికి నేను వేలెత్తి పైకి చూపించాను.

వాడు అర్థమైనట్టు తలూపాడు. "ఖాళీగానే ఉందండీ. కాకపోతే యాడ్‌లో వేసింది పాత రేటు. ఇంకో వెయ్యి పెరిగింది."

నేను కంగారుగా రెండు చేతులూ ఎత్తి పైకి చూపించాను. వాడు నా వంక భక్తిగా చూశాడు.

"క్షమించాలండీ, పదిహేను వందలు."

నేను రెండు చేతుల మీదా కూర్చున్నాను.

"కొంచెం ఎక్కువే గానీ, పర్లేదండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "యాడ్ చదివినప్పట్నుంచీ మా ఆవిడ ఒకటే గోల. బాల్కనీ బాగా విశాలంగా ఉంటుందా?"

"ఉంటుందా అంటారేంటండీ! మీరే చూస్తారుగా."

"ఇప్పుడున్న ఇంటికి అసలు బాల్కనీయే లేదండీ. బయటకి ఒక గట్టులాంటిది ఉంది. దాని మీద బకెట్టు బోర్లిస్తాం."

మా ఆవిడ మొహం కందగడ్డలా అయిపోయింది.

"అది సరేగానీ, ఉన్న ఇల్లు ఎందుకు మారుతున్నారండీ?" అన్నాడు మా వాడు. వద్దు వద్దని తల అడ్డంగా ఊపాను. సేల్స్‌మన్‌కి ఒకసారి ఊపొచ్చాక అడ్డమేమిటి, నిలువేమిటి?

"ఇంటాయన చాలా మంచివాడేనండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన. నేను కాస్త నిటారుగా కూర్చున్నాను. "ఆయన్ని చూస్తేనే మాకు భయం. నెలనెలా పైకొస్తాడు. ఏదో చెప్పబోతాడు, చెప్పడు. టీ తాగుతాడు. సీలింగు వంక చూస్తాడు. ఇంత పొడుగు నిట్టూర్పొకటి విడిచి దిగిపోతాడు. మమ్మల్ని ఖాళీ చెయ్యమనడానికే వస్తున్నాడు, పాపం నోరు రావట్లేదని మా ఆవిడ అంటుంది. ఆయన మెట్లెక్కే చప్పుడు వింటే చాలు, ఆవిడ కంగారులో టీలో పంచదార రెండుసార్లు వేసేస్తుంది."

"అద్దె పెంచడానికేమో?"

"పెంచుతానంటే ఇంకేం కావాలండీ! ఈ చుట్టుపక్కల అందరికీ పెంచారు. మేం రెండు వేలు ఎక్కువిద్దామని ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్నాం. అడిగితేగా? అడగట్లేదంటే ఉంచుకునే ఉద్దేశం లేదనేగా అర్థం? పెద్దాయన చేత పొమ్మనిపించుకోవడం దేనికి, మనమే మర్యాదగా వెళ్ళిపోదాం అనుకున్నాం."

మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపుకి నేనిక్కడ న్యాయం చెయ్యలేను.

ఈపాటికి మా బావమరిదికి కూడా విషయం బోధపడింది. వాడి మొహంలో రంగులు మారడం చూశాను. కానీ ఎదటివాడు కొంటానన్నాక ఆ మనిషిని వదిలిపెట్టడం వాడి ఒంట్లో లేదు. మొహం ఒకటి చెబుతుంటే నోరు ఇంకోటి చెప్పేసింది.

"అయితే మీకే ఖాయం చేస్తున్నానండీ! చాలామంది అడుగుతున్నారు. కానీ మీ మాటతీరు నాకు నచ్చింది. ఆదివారం పొద్దున్న చూద్దురుగాని. అడ్రసు పంపుతాను."

వాడు ఫోన్ పెట్టేశాడు. పైన ఎవరో ఆనందంగా అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"మూడున్నర వేలు పెరిగింది బావా," అన్నాడు వాడు సన్నగా. "రేటు పరంగా చూస్తే మాత్రం..."

"నోర్ముయ్యి," అంది మా ఆవిడ. "ఏవండీ, మీరు ఇప్పుడే పైకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి."

"ఏమని? నీ ఇల్లే నీకు ఎక్కువకి అంటగడుతున్నాననా?"

"ఏదో ఒకటి చెప్పండి. ఈసారి టీ మాత్రం తాగకండి."

నేను చెప్పులు వెతుక్కుంటుండగానే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వాళ్ళే దిగొచ్చారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. మా బావమరిది రెప్పపాటులో బిస్కెట్ల డబ్బా లాక్కుని నోటినిండా కుక్కుకున్నాడు.

"బాబాయిగారూ, మీకో శుభవార్త!" అన్నాడు కళ్ళజోళ్ళాయన. "మీ ఇబ్బంది తీరిపోయింది. వచ్చే నెలాఖరుకి మేం ఖాళీ చేసేస్తున్నాం."

"అయ్యో, ఎందుకయ్యా? హాయిగా ఉండండి!"

"మీరలాగే అంటారు. మీ మంచితనం మాకు తెలీదా? ఇన్నాళ్ళూ నోరు తెరిచి అడగలేక ఎంత నలిగిపోయారో మేం చూడలేదా?"

"అది కాదయ్యా, నేను చెప్పాలనుకున్నది... అసలు నేను పైకొచ్చేది..." గొంతులో ఆ మాట మళ్ళీ కూర్చుంది.

"అద్దె కాస్త పెంచుకుని ఇక్కడే ఉండిపోవచ్చు కదా?" అంది మా ఆవిడ. ఇన్ని నెలలుగా నేను మోసుకు తిరిగిన వాక్యాన్ని ఆవిడ ఒక్క ఊపిరిలో అనేసింది. అంత చిన్న వాక్యమని నాకు అప్పటిదాకా తెలీదు.

వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. టీచరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది.

"పిన్నిగారూ, ఈ మాట పొద్దున్న అనుంటే ఎగిరి గంతేసి ఉండిపోయేవాళ్ళం," అన్నాడాయన. "ఇప్పుడు అక్కడ మాటిచ్చేశామండీ. ఆ యజమాని, పాపం, మమ్మల్ని చూడకుండానే నమ్మి, వచ్చినవాళ్ళందర్నీ కాదనుకున్నాడు. అంత పెద్దమనిషిని మోసం చెయ్యమంటారా?"

ఆ పెద్దమనిషి మా సోఫాలో బిస్కెట్లు నములుతూ దగ్గాడు.

"మీ తమ్ముడుగారికి ఒంట్లో బాలేదా అండీ?" అంది టీచరమ్మ.

"పన్ను నొప్పమ్మా," అంది మా ఆవిడ. "ముందు ముందు ఇంకా ఎక్కువవుతుంది."

"ఒకవేళ ఆ ఇల్లు ఏ కారణం చేతైనా తప్పిపోయిందనుకోండి," అంది టీచరమ్మ మళ్ళీ, గొంతు తగ్గించి, "ఖాళీ చేస్తామని మీకు మాటిచ్చాక మళ్ళీ ఇక్కడే ఉంటామనడం బాగుండదు. ఎదురింటి పై వాటాలో ఎవరైనా ఉంటున్నారా అండీ? రోజూ లైట్లు వెలుగుతుంటే ఖాళీ ఉందో లేదో తెలీక అడగలేదు."

"నిండా ఉన్నారు," అన్నాం నేనూ మా ఆవిడా ఒకే గొంతుతో.

వెళ్ళబోతూ కళ్ళజోళ్ళాయన గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంకొక్క సాయం చెయ్యాలి బాబాయిగారూ. ఆదివారం ఆ ఇల్లు చూడ్డానికి మీరూ మాతో రావాలి. మీరు ఇల్లు కట్టినవారు, పైగా పర్చేజ్ సెక్షన్లో ఉన్నవారు. బేరమాడటం మీకు తెలిసినట్టు మాకేం తెలుసు? యాడ్‌లో ఉన్నదాని మీద ఇంకో పదిహేను వందలు ఎక్కించాడు. మీరు గట్టిగా మాట్లాడి తగ్గించాలి."

"దానికేం భాగ్యం," అన్నాను, అలవాటు కొద్దీ.

అదీ జరిగింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా ఆలోచిస్తున్నాం. మా బావమరిది మళ్ళీ ఫోన్ చేసి ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశానని చెప్పెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు. కానీ అలా చెప్పిన మరుక్షణం, నిండా ఉన్నారని మేం చెప్పినా సరే, వాళ్ళు వెళ్ళి ఎదురింటి తలుపు తట్టి చూస్తారు. ఆయన ఎలాగూ లైట్లు కూడా వేసే ఉంచాడు. మా వాటా ఖాళీగా మిగులుతుంది, బ్యాంకు నుంచి విధేయులు మళ్ళీ మెసేజ్ పెడతారు. అందుకని వాడు ఇంకో ఉపాయం చెప్పాడు: "వాళ్ళని వెనక సందులోంచి తీసుకొద్దాం బావా. అటునుంచి చూస్తే నాకే మీ ఇల్లు ఎవరిదో అనిపిస్తుంది."

మా ఆవిడ పొద్దున టేపు తీసుకుని వెళ్ళి, వాళ్ళు ఇంట్లో లేనప్పుడు, ఆ బాల్కనీని కొలిచొచ్చింది. అది గట్టు కాదని నిరూపించాలని ఆవిడ పట్టుదల. కొలతెంతో మాత్రం నాకు చెప్పలేదు. నిజం చెప్పెయ్యమని ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంది. చెప్పడానికి నాకూ అభ్యంతరం లేదు. నిజం చెబితే ఆయన రెండు వేలు పెంచి ఉండిపోవచ్చు, లేదా తన మాటలన్నీ మేం కిటికీలు మూసుకుని విన్నామని తెలిసి ఆ రోజే లారీ తెచ్చుకోవచ్చు. ఏది జరుగుతుందో క్రేను వంక ఎంతసేపు చూసినా తెలియడం లేదు.

ఇవాళ శనివారం. ఇందాక గేటు దగ్గర కళ్ళజోళ్ళాయన ఎదురై నన్ను ఆపాడు. "ఆ యజమాని అడ్రసు సాయంత్రానికల్లా పంపుతానన్నాడు బాబాయిగారూ. ఏదీ, ఆ కళ్ళజోడు ఒకసారి ఇవ్వండి. రేపు మీరు ఇల్లంతా నిశితంగా చూడాలి," అని అద్దాలు తళతళలాడేలా తుడిచిచ్చాడు. ఆయన మొహం నాకు మరీ దగ్గరగా, మరీ స్పష్టంగా కనిపించింది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"థాంక్సయ్యా," అన్నాను.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఇళ్ళున్నవాళ్ళుంటారు, అద్దెకుండేవాళ్ళుంటారు, ఏదీ తేల్చుకోలేక నాలాగే గేటు దగ్గర నుంచునేవాళ్ళూ ఉంటారు. రేపు పొద్దున నేను ఎవరి తరఫున, ఎవరితో, ఏ ఇంటి గురించి బేరమాడాలి? వెనక సందులోంచి రావాలా, ముందు గేటులోంచి వచ్చి కాళ్ళమీద పడాలా? మామూలుగా అయితే నాకు మూడు సలహాలు కావాలి. ఈసారి నియమం సడలిస్తున్నాను. ఒక్కటి చాలు, మొదటిదే నమ్ముతాను, రేటు కూడా అడగను. పుణ్యముంటుంది, ఎవరో ఒకరు నోరు విప్పండి. కాస్త త్వరగా చెప్పండి బాబూ. పైనుంచి టంగు టంగుమంటోంది, నేను వెళ్ళి స్విచ్చి ఆపొచ్చేలోగా.